ఫెర్న్ మొక్కలు – లొంగని క్రిములు – మన కర్తవ్యం

పెరటి చెట్టు మందుకు రాదని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. చేరువలో ఉన్నదానికి విలువ ఇవ్వని మానవ స్వభావాన్ని వారు ఆ మాటతో ఎత్తి చూపారు. కాని నేడు మన మధ్య దానికి సరిగ్గా ఎదురైన మరొక స్వభావం కూడా ప్రబలి ఉన్నది. ఆకు అయితే చాలు, అది అమృతమే. వేరు అయితే చాలు, సర్వరోగ నివారిణే అన్న నమ్మకం అది. మొదటిది తిరస్కారం, రెండవది మూఢవిశ్వాసం. పైకి ఇవి పరస్పర విరుద్ధంగా కనిపించినా, పరీక్షించి తెలుసుకొనే శ్రమకు మనసొప్పని సోమరితనమే రెండింటికీ మూలమని మా అభిప్రాయం.

ఈ మాటను ఒక చిన్న విషయం ఆధారంగా విచారించదలచాము. వెలుగోడు చుట్టుప్రక్కల బావిగోడలలోను, కొండ పగుళ్ళలోను, వరిమళ్ళలోను కనిపించే ఫెర్న్ మొక్కలు మందులకు లొంగని బాక్టీరియాకు విరుగుడు కాగలవా? ప్రపంచంలో పలు ప్రయోగశాలలు నేడు ఫెర్న్ జాతులను ఈ దృష్టితోనే పరిశీలిస్తున్నాయి. ఆ ఆశకు ఆధారం ఎంత? ఆ అన్వేషణలో మన కళాశాల వంటి చిన్న సంస్థకు చోటు ఉన్నదా? ఉన్నదనీ, అది ముఖ్యంగా ఉర్దూ, తెలుగు రెండూ బోధించే కళాశాలకే తగిన చోటనీ మేము భావిస్తున్నాము.

ముందుగా క్రిముల సంగతి చూతము. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లండన్ నగరంలో పెనిసిలిన్‌ను కనుగొన్నాడు. 1943లో వాక్స్‌మన్ బృందం మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి స్ట్రెప్టోమైసిన్‌ను వెలికి తీసింది. భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాల నుండి సాధించిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడి అయింది. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో అదే మొదటిది. అంతకు పూర్వం చిన్న గాయం చీము పట్టినా, బాలింతకు జ్వరం తగిలినా ప్రాణం మీదికి వచ్చేది. ఈ మందులు వచ్చిన తరువాత అటువంటి మరణాలు ఎంతగానో తగ్గాయి. ఆనాటి భయం నేటి తరానికి కథగా మాత్రమే తెలుసు.

కాని ఆ భయం తిరిగి వచ్చే సూచనలు కనిపిస్తున్నాయి. ఫ్లెమింగ్ స్వయంగా 1945లో నోబెల్ బహుమతి సందర్భంగా చేసిన ఉపన్యాసంలో ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. చాలీచాలని మోతాదులో మందు వాడితే క్రిములు చావకపోగా, ఆ మందును తట్టుకొనే శక్తిని సంపాదిస్తాయని ఆయన చెప్పిన మాటల సారాంశం. ఈ సంగతి మన నంద్యాల సీమ పత్తి రైతుకు ఎవరూ బోధించనక్కర లేదు. ఒకే మందును పదే పదే చల్లిన చేలో బలహీనమైన పురుగు చస్తుంది. మందును తట్టుకొన్న పురుగు మిగిలి సంతానాన్ని పెంచుతుంది. కొన్నాళ్ళకు డబ్బాలు డబ్బాలు చల్లినా ఫలితం ఉండదు. 1987–88లో కోస్తా ఆంధ్ర పత్తి రైతులను అప్పుల ఊబిలో దించి, ఎందరినో బలిగొన్న తెల్లదోమ, శనగపచ్చ పురుగుల ఉపద్రవంలో ఈ కారణం కూడా ఉన్నది.

బాక్టీరియా విషయంలో ఇదే కథ మరింత వేగంగా జరుగుతుంది. అనుకూల పరిస్థితులలో కొన్ని బాక్టీరియాలు సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెండింతలవుతాయి. అంతే కాదు, మందును తట్టుకొనే జన్యువును అవి తమ సంతానానికే కాక, ఇరుగుపొరుగు జాతుల బాక్టీరియాకు కూడా అందజేయగలవు. అటువంటి ఒక జన్యువును 2009లో శాస్త్రజ్ఞులు వర్ణించారు. భారతదేశంలో చికిత్స పొంది స్వీడన్ చేరిన ఒక రోగిలోని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలో అది కనిపించింది. వారు దానికి మన రాజధాని పేరు జోడించి ఎన్.డి.ఎం.–1 అని నామకరణం చేశారు. ఆ పేరు మీద మన దేశంలో కొంత ఆగ్రహం వ్యక్తమయింది. పేరు సంగతి అట్లుంచి, అత్యవసర సమయాలకై దాచి ఉంచిన మందులను సైతం అది నిర్వీర్యం చేయగలదన్న సత్యం మాత్రం మారదు.

2022లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడిన ఒక అంచనా ప్రకారం, 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 లక్షల 70 వేల మంది మరణాలకు మందులకు లొంగని బాక్టీరియాయే ప్రత్యక్ష కారణం. ఈ విపత్తులో మన ప్రాంతం కేవలం బాధితురాలు కాదు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారాల నుండి వచ్చి, శుద్ధి చేయబడిన తరువాత బయటికి వదిలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటె అది ఎక్కువ. అటువంటి నీటిలో బ్రతకడం నేర్చిన క్రిమికి మన మాత్ర ఒక లెక్కా?

ఇక మన నిత్య ప్రవర్తన చూడండి. జలుబు చేస్తే మందుల అంగడికి వెళ్ళి "రెండు మాత్రలు ఇవ్వండి" అని అడుగుతాము. జలుబు వైరస్ వలన వచ్చేది. ఆంటిబయాటిక్ దానిని ఏమీ చేయలేదు. వైద్యుడు ఐదు రోజులు వాడమన్న మందును రెండవ నాటికి జ్వరం తగ్గగానే మన అంతట మనమే మానివేస్తాము. మిగిలిన మాత్రలను దాచి, వచ్చే నెల పిల్లవానికి వేస్తాము. కొన్ని ముఖ్యమైన ఆంటిబయాటిక్ మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదనీ, అమ్మిన ప్రతిసారీ పుస్తకంలో వ్రాసి ఉంచవలెననీ 2014 మార్చి నుండి అమలులోకి వచ్చిన నిబంధన చెబుతున్నది. మాత్రల అట్ట మీద నిలువునా ఉండే ఎర్రగీత ఆ హెచ్చరికకు గుర్తు. ఆ గీతను చూచి ఆగేవారు ఎందరు? కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మనకు ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

పాత మందులు ఇట్లు మొద్దుబారుతుండగా కొత్త మందులు వస్తున్నాయా అంటే, ఆశించినంతగా లేదు. నేడు వాడుకలో ఉన్న ఆంటిబయాటిక్ వర్గాలలో అధిక భాగం 1940–1960ల నడుమ కనుగొన్నవే. కొత్తది కనుగొన్నా దానిని పొదుపుగా వాడవలెను. రోగి కొద్ది రోజులు మాత్రమే తీసుకొంటాడు. కాబట్టి లాభం మీద దృష్టి గల సంస్థలు ఈ రంగం నుండి తప్పుకొంటున్నాయి. అందువలననే పరిశోధకుల చూపు మట్టిని దాటి మొక్కల వైపు, అందునా ఇంతకాలం ఎవరూ అంతగా పట్టించుకోని ఫెర్న్ మొక్కల వైపు మళ్ళింది.

ఫెర్న్ మొక్కకు పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం లేదు. ఆకు అడుగున దుమ్ము వలె ఉండే సిద్ధబీజాలతో అది వ్యాపిస్తుంది. భూమి మీద పూలమొక్కలు పుట్టుటకు ఎంతో పూర్వమే ఇది పుట్టింది. సుమారు 36 కోట్ల సంవత్సరాల నాటి శిలలలో దీని పూర్వీకుల జాడలు ఉన్నాయి. ఫెర్నులు, వాటికి సన్నిహితమైన మొక్కలు కలిపి నేడు ప్రపంచంలో సుమారు 12 వేల జాతులు ఉండగా, మన దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి. తడిలో, నీడలో, బూజుకూ బాక్టీరియాకూ అనువైన చోటనే ఇవి ఇన్ని యుగాలు నిలిచాయి. ఆత్మరక్షణకై ఇవి టానిన్లు, ఫ్లేవనాయిడ్లు, టెర్పీనాయిడ్లు వంటి రసాయనాలను తయారు చేసుకొంటాయి. వీటిలో మానవునికి పనికివచ్చేవి కొన్ని అయినా ఉండవచ్చునన్నది శాస్త్రజ్ఞుల ఊహ.

ఇది గాలిలో మేడ కాదనుటకు మన దేశంలోనే ఒక నిదర్శనం ఉన్నది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థవారు టెక్టేరియా అనే ఫెర్న్ నుండి ఒక ప్రొటీన్‌ను వేరు చేసి, దాని జన్యువును పత్తి మొక్కలో ప్రవేశపెట్టగా, ఆ పత్తికి తెల్లదోమ నుండి రక్షణ లభించినట్లు 2016లో ప్రకటించారు. ఏ తెల్లదోమ మన రైతులను వణికించిందో, దానికి విరుగుడు ఒక అడవి ఫెర్నులో దొరికింది. పురుగుకు దొరికిన విరుగుడు క్రిమికి కూడా దొరకవచ్చునని ఆశించడం అత్యాశ కాదు.

ఇక మన ప్రాంతపు ఫెర్నుల వైపు చూపు త్రిప్పుదాము. పాత రాతిబావుల లోపలి గోడలలో, చెలమల అంచున, నల్లని సన్నని కాడలతో, చిన్ని చిన్ని విసనకర్రల వంటి ఆకులతో పెరిగే మొక్క ఎడియాంటమ్ జాతికి చెందినది. దాని ఆకు మీద నీరు నిలవదు. గ్రీకు భాషలో దానికి తడవనిది అన్న అర్థంతో పేరు వచ్చింది. ఒకటవ శతాబ్దపు డయాస్కోరిడీస్ నాడే అది వైద్యగ్రంథాలకు ఎక్కింది. అరబ్బులు దానిని కుజ్బరతుల్ బీర్, అనగా బావి కొత్తిమీర అన్నారు. మన బావులను చూచినవారెవరైనా ఆ పేరును మెచ్చుకొనక మానరు. యునానీ హకీములు పర్సియావషాన్ అన్న పేరుతో దగ్గుకు, కఫానికి జోషాందాలో దీనిని వాడుతారు. ఆయుర్వేదంలో హంసపాది అన్న పేరుతో ప్రసిద్ధమైనది కూడా ఈ జాతిలోనిదే. ఎండలో ముడుచుకొని, వాన పడగానే నెమలి తురాయి వలె విచ్చుకొనే మయూరశిఖ రాతి పగుళ్ళలో కనిపిస్తుంది. కాలువ క్రింది వరిమళ్ళలో నాలుగు రెబ్బల ఆకుతో తేలియాడే మార్సీలియాను చాలామంది ఫెర్న్ అని గుర్తించరు. ఆయుర్వేదం దానిని సునిషణ్ణకం అన్నది.

మనకు వృక్షశాస్త్ర పరిశోధన కూడా కొత్త కాదు. మద్రాసు రాజధానిలో అటవీ శాఖ అధికారిగా పనిచేసిన బెడ్డోమ్ దొర దక్షిణ భారతపు ఫెర్నులపై చిత్రాలతో కూడిన గ్రంథాన్ని 1860ల తొలి సంవత్సరాలలోనే ప్రకటించాడు. అప్పటికి మన కర్నూలు సీమ ఆ రాజధానిలోనిదే. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య టి. పుల్లయ్య గారు, వారి సహచరులు ఆంధ్రప్రదేశ్ టెరిడోఫైటా మొక్కలపై 2003లో ఒక గ్రంథం వెలువరించారు. ఈ గ్రంథాలు ఇంగ్లీషులో ఉన్నాయి. హకీముల జ్ఞానం ఉర్దూ, పారశీక, అరబ్బీ భాషలలో ఉన్నది. ఆయుర్వేదం సంస్కృతంలో ఉన్నది. పసరుమందు ఇచ్చేవారి జ్ఞానం తెలుగు నోట ఉన్నది. నల్లమల చెంచుల జ్ఞానం ఏ కాగితం మీదా లేక, అడవిలో నడిచిన పాదాలలో ఉన్నది. ఒకే మొక్క చుట్టూ ఇన్ని దీపాలు ఉండి కూడా, ఒకదాని వెలుగు మరొకదానిని చేరడం లేదు.

దీని వలన కలిగే నష్టం చిన్నది కాదు. మయూరశిఖ అన్న పేరునే తీసుకొనండి. కొందరు దానిని ఆక్టినియాప్టెరిస్ అనే ఫెర్న్ అంటారు. మరికొందరు ఎడియాంటమ్‌లో ఒక జాతి అంటారు. ఇంకొందరు తోటలలో పెంచే కోడిజుట్టు పువ్వును ఆ పేరుతో పిలుస్తారు. మయూరశిఖతో గాయం మానిందని ఒక గ్రంథం చెబితే, ఏ మొక్కతో మానిందని మనం అనుకోవలెను? మొక్క ఏదో తేలనిదే ప్రయోగానికి అర్థం లేదు. పూర్వపు మహమ్మదీయ విద్వాంసులు ఈ చిక్కును ఏనాడో గుర్తించారు. 973లో జన్మించి, హిందూదేశపు శాస్త్రాలను సంస్కృతం నేర్చి మరీ అధ్యయనం చేసిన అల్ బిరూనీ, తన చివరి దశలో రచించిన ఔషధ గ్రంథంలో ఒక్కొక్క మందుకు అరబ్బీ, గ్రీకు, సిరియాక్, పారశీక నామాలతో పాటు హిందూదేశ భాషల నామాలను కూడా సేకరించి ఉంచాడు. 1248లో డమాస్కసులో మరణించిన ఇబ్నుల్ బైతార్ సుమారు 1,400 ఔషధాలను అదే శ్రద్ధతో క్రోడీకరించాడు. ఇద్దరూ పేరును సరిచూచుటను వైద్యానికి మొదటి మెట్టుగా భావించారు.

ఇప్పుడు ప్రయోగశాలలు ఏమి చెబుతున్నవో నిష్పక్షపాతంగా పరిశీలించుదాము. ఎడియాంటమ్, డ్రైనేరియా, డ్రయాప్టెరిస్ వంటి ఫెర్నుల ఆకుల నుండి గాని, కొమ్ముల నుండి గాని తీసిన సారం స్టెఫలోకాకస్ వంటి బాక్టీరియా పెరుగుదలను గాజుపళ్ళెంలో అరికట్టినట్లు పలు దేశాల పరిశోధకులు వ్రాశారు. ఈ వార్త పత్రికకు ఎక్కే సరికి "ఫెర్న్ మొక్కతో మొండి రోగాలు మాయం" అవుతుంది. విద్యార్థులు ఇక్కడ జాగ్రత్త వహించవలెను. గాజుపళ్ళెంలో క్రిమిని చంపుట కష్టం కాదు. సారం తీయుటకు వాడిన ఆల్కహాలు కూడా చంపుతుంది. ఫెర్నులలో సమృద్ధిగా ఉండే టానిన్లు దొరికిన ప్రతి ప్రొటీన్‌ను పట్టుకొంటాయి; క్రిమిదా, మనిషిదా అన్న విచక్షణ వాటికి లేదు. ముడి సారం పనిచేయుటకు సాధారణంగా మిల్లీగ్రాముల మోతాదు కావలసి వస్తుంది. మంచి ఆంటిబయాటిక్ అందులో వెయ్యవ వంతుతో పనిచేస్తుంది. పళ్ళెంలో గెలిచినది రక్తంలో గెలవవలెను, కాలేయానికి హాని చేయరాదు, ఏటేటా ఒకే బలంతో లభించవలెను. ఇవన్నీ దాటి ఆసుపత్రికి చేరిన ఆంటిబయాటిక్ ఒక్కటి కూడా నేటి వరకు ఫెర్న్ నుండి రాలేదు. ఈ సత్యాన్ని దాచి పెట్టి చేసే ప్రచారం చెట్టుపేరు చెప్పి కాయలమ్ముకొనుటే అవుతుంది.

పైగా ప్రకృతిసిద్ధం అన్నంత మాత్రాన అపాయం లేదనుకొనరాదు. డ్రయాప్టెరిస్ జాతికి చెందిన ఒక ఫెర్న్ కొమ్మును సర్ఖస్ అన్న పేరుతో యునానీ వైద్యులు, మరొక పేరుతో ఐరోపా వైద్యులు బద్దెపురుగులకు వాడేవారు. అది నిజంగా పనిచేసేది. మోతాదు మించితే చూపు పోయేది. టెరిడియం అనే ఫెర్నును మేసిన పశువులకు మూత్రాశయంలో క్యాన్సరు వస్తుందని రుజువైనది. 1861లో ఆస్ట్రేలియా నడిబొడ్డున చిక్కుకొన్న బర్క్, విల్స్ అనే అన్వేషకులు అక్కడి మార్సీలియా బీజకోశాల పిండి తింటూ కూడా కృశించి మరణించారు. ఆ మొక్కలో బి–1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉన్నది. తరతరాలుగా దానినే తింటున్న ఆదివాసులు మాత్రం క్షేమంగా ఉన్నారు. ఎందుకనగా దానిని వండే పద్ధతి వారికి తెలుసు. అనగా విద్య మొక్కలో సగం, పద్ధతిలో సగం ఉన్నది. మొక్కను తెచ్చుకొని, దానిని ఎరిగిన మనిషిని వదలివేస్తే మనకు దక్కేది సగమే.

పద్ధతి విలువ తెలిపే మరొక ఉదాహరణ చైనాలో ఉన్నది. మలేరియా క్రిమి పాత మందుకు లొంగకపోయిన రోజులలో, శ్రీమతి తూ యూయూ బృందం రెండువేలకు పైగా పాత వైద్య యోగాలను సేకరించి, సుమారు 200 మూలికల నుండి 380 సారాలను పరీక్షించింది. ఒక మూలిక ఒకసారి పనిచేసి, మరొకసారి పనిచేయక వారిని విసిగించింది. అప్పుడామె నాలుగవ శతాబ్దపు ఒక వైద్యగ్రంథాన్ని మరల శ్రద్ధగా చదివింది. అందులో ఆ మూలికను కాచమని లేదు. నీటిలో నానవేసి పిండమని ఉన్నది. వేడి వలన గుణం పోతున్నదని ఊహించి, 1971లో తక్కువ వేడితో సారం తీయగా ఫలితం దక్కింది. నేడు మలేరియా చికిత్సకు ఆధారమైన ఆర్టెమిసినిన్ అట్లు లభించినదే. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పాత గ్రంథాన్ని ఆమె పూజించలేదు, పారవేయలేదు. చదివింది, పరీక్షించింది. ఆ గ్రంథం చదవగల భాష ఆమెకు వచ్చి ఉండుట చేతనే అది సాధ్యమయింది.

ఫెర్నుల నుండి నేరుగా క్రిమిని చంపే మందే రావలెనన్న నియమం కూడా లేదు. బార్బెరీ జాతి పొదలలో బెర్బెరిన్ అనే పదార్థం ఉన్నది. స్టెఫలోకాకస్ దానిని లోనికి రానిచ్చి, వెంటనే బయటికి తోడి పోస్తుంది. అదే జాతి పొదలలో ఆ తోడిపోతను ఆపే మరొక పదార్థం కూడా ఉన్నదని 2000లో అమెరికా పరిశోధకులు చూపారు. ఆ రెండవది ఒంటరిగా క్రిమిని చంపదు. క్రిమి చేతిలోని ఆయుధాన్ని లాగివేస్తుంది. అటువంటి సహాయక పదార్థాలు ఫెర్నులలో దొరికితే, మూలబడుతున్న మన పాత ఆంటిబయాటిక్ మందులే తిరిగి పదును తేరవచ్చును. అన్వేషణకు తగిన మార్గాలలో ఇది ఒకటి.

మన కళాశాల ఏమి చేయగలదన్న ప్రశ్నకు ఇప్పుడు వస్తున్నాము. మొండి బాక్టీరియాను పెంచే ప్రయోగాలు మన పని కాదు, అవి అపాయకరం. వాటికి తగిన రక్షణలు గల వైద్య కళాశాలలు, పరిశోధన సంస్థలు ఉన్నాయి. కాని ఆ సంస్థలకు లేనిది మనకు ఒకటి ఉన్నది. ఒకే చూరు క్రింద ఉర్దూ చదివే విద్యార్థి, తెలుగు చదివే విద్యార్థి కూర్చొని ఉన్నారు. కాబట్టి బిరూనీ చేసిన పనిని మన పరిధిలో మనం చేయవచ్చును. వెలుగోడు, ఆత్మకూరు, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల ఫెర్నులకు ఒక నామావళి తయారు చేయుదాము. ఒక్కొక్క మొక్కకు శాస్త్రీయ నామం, ఉర్దూ నామం, తెలుగు నామం, చెంచుల నోట వినిపించే నామం, అది కనిపించిన చోటు, మాసం, దానిని ఎవరు దేనికి ఏ పద్ధతిలో వాడుతున్నారన్న వివరం అందులో ఉండవలెను. ఉర్దూ విద్యార్థులు ఇళ్ళలో అటకల మీద మూలుగుతున్న తిబ్బీ గ్రంథాలను చదివి ఎత్తి వ్రాయవచ్చును. తెలుగు విద్యార్థులు పసరుమందు ఎరిగిన పెద్దలను అడిగి వ్రాయవచ్చును. వృక్షశాస్త్ర విద్యార్థులు నమూనాను ఎండబెట్టి, కాగితానికి అతికి, విశ్వవిద్యాలయ నిపుణులకు చూపి పేరు నిర్ధారించుకొనవచ్చును.

ఈ పనికి పాలకవర్గం వారి నుండి మేము కోరేది పెద్ద భవనం కాదు, ఖరీదైన యంత్రం కాదు. ఒక బీరువా, మంచి కాగితం, ఒక భూతద్దం, సంవత్సరానికి కొన్ని విహార యాత్రలకు బదులు కొన్ని అధ్యయన యాత్రలు, వ్రాసినది భద్రపరచే ఏర్పాటు చాలును. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేర యునానీ వైద్య కళాశాల ఉన్నది, ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. రాయలసీమ విశ్వవిద్యాలయం, కర్నూలు వైద్య కళాశాల కూడా అక్కడే ఉన్నాయి. ఈ సంస్థలతో ఉత్తర ప్రత్యుత్తరాలు నెరపి, మన నామావళిని వారి ముందుంచే బాధ్యతను పాలకవర్గం వారు స్వీకరించవలెనని మనవి. చిన్న కళాశాలకు ఇంత పెద్ద విషయం దేనికని కొందరు అనవచ్చును. పెద్ద ప్రయోగశాలకు చేరే మొక్క ఎక్కడో ఒక చిన్న ఊరి ప్రక్కనే పెరిగి ఉంటుంది. దానిని సరిగ్గా గుర్తించి పంపే చేతులు లేకనే పలు ప్రయోగాలు వ్యర్థమవుతున్నాయి.

రెండు నియమాలను మాత్రం విడువరాదు. నల్లమల అడవిలో పెద్ద భాగం 1983 నుండి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల సంరక్షణ ప్రాంతంలో ఉన్నది. అనుమతి లేనిదే అక్కడ ఆకు త్రుంచుట కూడా తగదు. ఫెర్న్ కొమ్మును త్రవ్వితే మొక్కయే పోతుంది; పది మంది మందు పేరుతో త్రవ్వితే ఆ వాగు గట్టున అది మరల కనిపించదు. రెండవది న్యాయానికి సంబంధించినది. మన పసుపు గాయాలను మాన్పునన్న తరతరాల జ్ఞానం మీద 1995లో అమెరికాలో పేటెంటు పుట్టగా, మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి 1997లో దానిని రద్దు చేయించింది. గ్రంథానికి ఎక్కిన జ్ఞానానికి ఆ రక్షణ ఉన్నది; చెంచు పెద్ద నోటిలోని జ్ఞానానికి లేదు. కేరళలో కాణి తెగవారు చూపిన ఆరోగ్యపచ్చ అనే మొక్క నుండి తయారైన మందు ఆదాయంలో వారికి భాగం ముట్టింది. మనం వ్రాసే ప్రతి వివరం చెప్పినవారి సమ్మతితో, వారికి దక్కవలసిన గౌరవంతో వ్రాయవలెను.

విద్యార్థులారా! ప్రతి రోగానికీ సృష్టికర్త ఔషధాన్ని కూడా పంపాడన్నది ప్రవక్త (స) వారి బోధ. ఈ మాటను కొందరు చేతులు ముడుచుకొని కూర్చొనుటకు సాకుగా చేసుకొంటారు. మాకు మాత్రం అది వెదకమన్న ఆజ్ఞగా వినిపిస్తున్నది. ఔషధం పంపబడినదన్న మాట నిజమైతే, అది ఎక్కడ ఉన్నదో కనుగొనే భారం మన మీద పడినట్లే కదా. ఆ వెదకులాట సంవత్సరాలు పట్టవచ్చును. అంతవరకు వైద్యుడు ఇచ్చిన ఆంటిబయాటిక్‌కు బదులుగా ఏ ఫెర్న్ కషాయాన్నీ నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకొనవద్దు. వైద్యుడు వ్రాయని ఆంటిబయాటిక్‌ను అడిగి కొనవద్దు. వ్రాసినదానిని మధ్యలో మానవద్దు. ఇంటిలో తల్లిదండ్రులకు ఎర్రగీత అర్థం చెప్పండి. ఈ ఏడు తొలకరి పడి రాతి పగుళ్ళలో మయూరశిఖ విచ్చుకొనే నాటికి, నామావళిలో మొదటి పుట వ్రాయుటకు సిద్ధంగా ఉండండి.